అద్దె సాయం కోసం సిటీకి అప్లై చేశాక ఫైలు ఎలా నడుస్తుంది: అద్దెకుండేవాళ్ళకీ ఓనర్లకీ మొదటి నుంచి చివరి దాకా

మూడు నెలల అద్దె బాకీ పడింది. తలుపుకి నోటీసు అంటించి ఉంది. ఎవరో "సిటీవాళ్ళు అద్దె కడుతున్నారట, అప్లై చెయ్యి" అన్నారు. మీరు రాత్రి పదకొండింటికి ఫోన్‌లో ఫారం నింపి, రెండు ఫోటోలు అప్‌లోడ్ చేసి, సబ్మిట్ నొక్కి పడుకున్నారు. మర్నాటి నుంచి ఎదురుచూపులు మొదలు. అటు ఓనర్‌కి బ్యాంకు వాయిదా దగ్గర పడుతోంది, ఆయనకేమో మీరు అప్లై చేసిన సంగతే తెలీదు.

ఈలోపు సిటీ ఆఫీసులో మీ ఫైలు ఏమవుతోందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది, పని కూడా కాస్త త్వరగా అవుతుంది. నేను కొన్నాళ్ళు ఒక సహాయ కేంద్రంలో వాలంటీరుగా కూర్చుని వేరేవాళ్ళ దరఖాస్తులు నింపిపెట్టాను. నేను చూసినంతలో డబ్బు లేక ఆగిన ఫైళ్ళకంటే ఒక కాగితం తక్కువై, ఒక ఫోన్‌కి జవాబు రాక ఆగిన ఫైళ్ళే ఎక్కువ. అందుకే ఇదంతా ఫైలు నడిచే వరుసలోనే చెబుతాను. ఇది అమెరికా సంగతి. రాష్ట్రానికో చట్టం, సిటీకో పద్ధతి ఉంటాయి, మీ ఊరి నిబంధనలు మీరు ఒకసారి చూసుకోవాల్సిందే.

1. ముందు ఆ డబ్బు ఎక్కడిదో కనుక్కోండి

ఇది ఎవరూ అడగని ప్రశ్న, కానీ మిగతా రూల్సన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి. సిటీ తన ఇష్టప్రకారం రూల్స్ పెట్టలేదు, డబ్బు ఇచ్చినవాడు పెట్టిన షరతుల లోపలే పెట్టాలి.

కోవిడ్ కాలంలో వచ్చిన పెద్ద డబ్బు ఫెడరల్ ప్రభుత్వానిది. 2020 డిసెంబర్‌లో చేసిన చట్టంతో 2,500 కోట్ల డాలర్లు, 2021 మార్చిలో అమెరికన్ రెస్క్యూ ప్లాన్ చట్టంతో మరో 2,155 కోట్ల డాలర్లు కేటాయించారు. పంచే బాధ్యత ట్రెజరీ శాఖది. రాష్ట్రాలకీ, ఆదివాసీ తెగల ప్రభుత్వాలకీ, రెండు లక్షలకి మించి జనాభా ఉన్న సిటీలకీ కౌంటీలకీ నేరుగా ఇచ్చారు. మీ ఊరు అంతకంటే చిన్నదైతే మీ ఫైలు కౌంటీకో రాష్ట్రానికో వెళ్ళి ఉండేది. సిటీ పేరుతో వెతికి "మాకేం లేదట" అని వదిలేసినవాళ్ళు చాలామంది అక్కడే పొరబడ్డారు.

మొదటి విడత ఖర్చుపెట్టే గడువు 2022 సెప్టెంబర్ 30తో, రెండో విడత గడువు 2025 సెప్టెంబర్ 30తో ముగిసిపోయాయి. అంటే ఆ స్థాయి డబ్బు ఇప్పుడు లేదు. ఇప్పుడు సిటీలు నడిపే పథకాలు చిన్నవి: సిటీ సొంత బడ్జెట్, హౌసింగ్ ట్రస్ట్ ఫండ్, లేదా హడ్ అని అందరూ పిలిచే ఫెడరల్ గృహనిర్మాణ శాఖ ఏటా ఇచ్చే గ్రాంట్లు. ఆ గ్రాంట్లలో రెండింటి పేర్లు గుర్తుంచుకోండి: సీడీబీజీ (ఊళ్ళ అభివృద్ధి పనులకిచ్చేది), ఈఎస్‌జీ (ఇల్లు లేనివాళ్ళకీ, ఇల్లు పోయే ప్రమాదంలో ఉన్నవాళ్ళకీ ఇచ్చేది). సీడీబీజీ డబ్బుతో అత్యవసర అద్దె కడితే మామూలుగా వరసగా మూడు నెలలకి మించి కట్టకూడదు. ఈఎస్‌జీలో పాత బాకీ ఆరు నెలల వరకూ ఒకేసారి తీర్చొచ్చు, కానీ ఇంకా రోడ్డున పడని కుటుంబానికి ఇవ్వాలంటే ఆదాయం చాలా తక్కువ ఉండాలి, ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 30 శాతం లోపు. ఈ రెండింట్లోనూ డబ్బు మీ చేతికి రాదు, ఓనర్‌కే వెళుతుంది. కోవిడ్ డబ్బులో మాత్రం ఓనర్ సహకరించకపోతే అద్దెకుండేవాళ్ళకే ఇచ్చే వెసులుబాటు ఉండేది. పక్కింటాయనకి 2021లో చెక్కు చేతికొచ్చిందని మీకూ అలాగే వస్తుందనుకోకండి.

కాబట్టి ఫోన్ చేసినప్పుడు అడగాల్సిన మొదటి మాట: "ఇది ఏ నిధి కింద ఇస్తున్నారు? ఎన్ని నెలలకి ఇస్తారు? పాత బాకీకా, రాబోయే అద్దెకా, రెండింటికీనా?"

2. ఫైలు ఎవరి చేతిలో ఉంటుంది

లెటర్‌హెడ్ మీద సిటీ పేరుంటుంది, ఫైలు మాత్రం చాలాసార్లు సిటీ ఉద్యోగి టేబుల్ మీద ఉండదు. హౌసింగ్ శాఖ డబ్బూ రూల్సూ చూసుకుంటుంది. దరఖాస్తులు తీసుకోవడం, కాగితాలు పరిశీలించడం ఒక స్వచ్ఛంద సంస్థకి కాంట్రాక్టు ఇస్తారు. పోర్టల్ ఇంకో సాఫ్ట్‌వేర్ కంపెనీది. చెక్కు ఇచ్చేది సిటీ ఫైనాన్స్ విభాగమో, ఆ సంస్థో. హ్యూస్టన్‌లో సిటీ, హ్యారిస్ కౌంటీ కలిసి ఒకే పథకంగా నడిపాయి. అలా చేస్తే మీ ఇల్లు సరిహద్దుకి ఇటుందా అటుందా అన్న తలనొప్పి ఉండదు. న్యూయార్క్‌లో కోవిడ్ పథకాన్ని రాష్ట్రమే నడిపింది, సిటీకి దాంతో సంబంధం లేకుండా "వన్ షాట్ డీల్" అనే సొంత అత్యవసర సాయం ఎప్పటి నుంచో ఉంది, అది కొందరి విషయంలో తిరిగి కట్టాల్సిన అప్పుగా ఉంటుంది.

ఇదంతా మీకెందుకంటారా? ఫోన్‌లో "మీ ఫైలు మా దగ్గర లేదు" అన్నప్పుడు కంగారుపడకుండా ఉండటానికి. మూడు ప్రశ్నలు అడగండి: ఫైలు ఇప్పుడు ఏ దశలో ఉంది, ఏ సంస్థ దగ్గరుంది, నా వైపు నుంచి కావాల్సినవి ఏమైనా ఉన్నాయా. చెప్పినవాళ్ళ పేరు, తేదీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. పాతకాలపు పద్ధతిలా అనిపిస్తుంది, కానీ అప్పీలు దాకా వెళితే ఆ నోట్‌బుక్కే మీకు సాక్ష్యం.

మీ ఊళ్ళో ఏ పథకం ఉందో తెలియకపోతే 211కి ఫోన్ చేయండి. చాలా ప్రాంతాల్లో ఆ నంబరు స్థానిక సహాయ సంస్థలకి దారి చూపిస్తుంది.

3. మీకు వర్తిస్తుందా: ఆదాయం లెక్క

హడ్ ప్రతి ఏడాదీ ప్రతి ప్రాంతానికీ మధ్యస్థ కుటుంబ ఆదాయం ప్రకటిస్తుంది, కుటుంబంలో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి పరిమితులు మారతాయి. పథకాల్లో "80 శాతం ఏఎంఐ", "50 శాతం ఏఎంఐ" అని కనిపించేవి ఇవే, ఏఎంఐ అంటే ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయం. కోవిడ్ మొదటి విడతలో గీత 80 శాతం దగ్గర గీశారు, అందులో 50 శాతం లోపు ఉన్నవాళ్ళకీ, దరఖాస్తుకి ముందు 90 రోజులుగా ఉద్యోగం లేనివాళ్ళకీ ప్రాధాన్యం ఇవ్వాలన్నారు. ఇప్పటి చిన్న పథకాల్లో గీత ఇంకా కింద ఉండే అవకాశమే ఎక్కువ.

ఆదాయం అంటే ఎవరిది? దరఖాస్తు పెట్టినవాళ్ళది మాత్రమే కాదు, ఇంట్లో కలిసి ఒక కుటుంబంగా ఉంటున్న పెద్దవాళ్ళందరిదీ. రూమ్‌మేట్లు ఉన్నచోట ఇది గందరగోళం. ఒకే లీజు మీద ముగ్గురి సంతకాలుంటే కొన్ని సిటీలు ముగ్గురినీ ఒక ఇల్లుగా లెక్కేస్తాయి, కొన్ని ఎవరి వాటా వాళ్ళకి విడిగా చూస్తాయి. నింపే ముందే అడిగేయండి. ఒకసారి తప్పుగా నింపితే దిద్దించడానికి వారాలు పడుతుంది.

ఇంకో చిక్కు, ఏ కాలపు ఆదాయం అన్నది. పోయిన ఏడాది బాగా సంపాదించి, రెండు నెలల క్రితం ఉద్యోగం పోయినవాళ్ళని ట్యాక్స్ రిటర్న్ చూస్తే ధనవంతులుగానే చూపిస్తుంది. కోవిడ్ పథకంలో అందుకే రెండు దార్లు పెట్టారు: ఏడాది మొత్తం ఆదాయం చూడొచ్చు, లేదా దరఖాస్తు నాటి నెల ఆదాయం తీసుకోవచ్చు. నెల లెక్క తీసుకుంటే మూడు నెలలకోసారి మళ్ళీ చూడాలి. మీ సిటీ పథకంలో ఈ వెసులుబాటు ఉందేమో చూసి, మీకు ఏది నిజంగా సరిపోతుందో ఆ దారిలో వెళ్ళండి. ఊబర్, డోర్‌డాష్ లాంటివి నడిపేవాళ్ళయితే యాప్‌లో కనిపించే వారం వారం స్టేట్‌మెంట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కలిపి పెట్టండి, ఒక్క మంచి వారం స్క్రీన్‌షాట్ పెడితే మీకే నష్టం.

ఆదాయం తక్కువని చూపిస్తే సరిపోదు. కష్టం ఏమొచ్చిందో, ఇల్లు పోయే ప్రమాదం ఎందుకుందో కూడా చూపించాలి: గంటలు తగ్గించిన ఈమెయిల్, ఆస్పత్రి బిల్లు, అద్దె కట్టమని వచ్చిన నోటీసు. న్యూయార్క్ వన్ షాట్ డీల్ లాంటివి ఇంకో మెట్టు పైకెళ్ళి, "ఈ బాకీ మేం తీరిస్తే వచ్చే నెల నుంచి మీరు కట్టగలరా" అని కూడా అడుగుతాయి. చేతిలో డబ్బు లేదని వచ్చినవాణ్ణి రేపు డబ్బుంటుందని రుజువు చెయ్యమనడం నాకెప్పుడూ వింతగానే అనిపిస్తుంది, కానీ జవాబు సిద్ధంగా ఉండాలి: కొత్త ఉద్యోగం ఆఫర్ లెటర్, నిరుద్యోగ భృతి మొదలైన కాగితం, లేదా అద్దెలో సాయం చేస్తానని కుటుంబసభ్యులు రాసిచ్చిన ఉత్తరం.

వీసా మీద ఉన్నవాళ్ళ ప్రశ్న ఒకటి నాకు చాలాసార్లు వచ్చింది. కోవిడ్ అద్దె సాయం చట్టంలో ఇమ్మిగ్రేషన్ స్థితి గురించి షరతేమీ పెట్టలేదు. ఇప్పటి పథకాలకి అదే వర్తిస్తుందని మాత్రం అనుకోవద్దు, నిధిని బట్టి మారుతుంది. సంతకం పెట్టేముందు లీగల్ ఎయిడ్‌లోనో ఇమ్మిగ్రేషన్ లాయర్‌నో అడగండి.

4. కాగితాలు: ఫైలు ఆగేది ఇక్కడే

మామూలుగా అడిగేవి ఇవి: గుర్తింపు కార్డు, లీజు, ఆదాయం రుజువు, బాకీ రుజువు, ఆ చిరునామాలోనే ఉంటున్నట్టు రుజువు. వినడానికి సులువే. అసలు కష్టం ఎక్కడంటే లీజు పాతదై నెలనెలా నడుస్తున్నప్పుడు, ఇల్లు నోటిమాట మీద తీసుకున్నప్పుడు, అద్దె నగదుగా కట్టినప్పుడు.

లీజు లేకపోయినా దారి ఉండొచ్చు. కరెంటు బిల్లు మీద చిరునామా, నెలనెలా అదే మొత్తం పంపినట్టు బ్యాంకు లావాదేవీలు, ఓనర్‌తో జరిగిన మెసేజ్‌లు, వీటిని కలిపి ఒప్పుకునే సిటీలున్నాయి. కోవిడ్ డబ్బులో ట్రెజరీ ఇంకా ముందుకెళ్ళింది. ఏ కాగితమూ దొరకనివాళ్ళ రాతపూర్వక హామీ మీద కూడా, హడ్ ఆ ప్రాంతానికి లెక్కగట్టిన మామూలు అద్దెకి (ఫెయిర్ మార్కెట్ రెంట్) మించకుండా, ఒకసారికి మూడు నెలల చొప్పున ఇవ్వొచ్చంది. ఆదాయం విషయంలోనూ అంతే, ఆ కుటుంబం ఉంటున్న పేటలో సగటు ఆదాయం లాంటి సమాచారాన్ని ఆధారంగా తీసుకోవచ్చంది. వేరే ప్రభుత్వ పథకంలో అప్పటికే ఆదాయం తేల్చి ఇచ్చిన ఉత్తరం ఉంటే అదే చాలంది. ఈ వెసులుబాట్లు వాడుకున్న సిటీల్లో ఫైళ్ళు కదిలాయి, "మా ఆడిటర్ ఒప్పుకోడేమో" అని భయపడి అన్ని కాగితాలూ అడిగిన చోట్ల పేరుకుపోయాయి. మీరు సిటీ తరఫున ఇలాంటి పథకం రాస్తున్నవాళ్ళయితే ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. ఏ కాగితం చట్టం అడిగింది, ఏది మీరు భయంతో కలిపారు? రెండో రకాన్ని తీసేయండి. ఈఎస్‌జీలో రాతపూర్వక లీజు చట్టమే అడుగుతుంది, అక్కడ మీ చేతిలో లేదు; పాత బాకీ ఒక్కటే తీర్చేటప్పుడు మాత్రం ఓనర్ లెక్కలతో రుజువయ్యే నోటిమాట ఒప్పందం కూడా సరిపోవచ్చు. ఆ చట్టమే ఇంటి స్థితి కూడా చూడమంటుంది, తనిఖీకి ఒక రోజు పడుతుందని ముందే లెక్కేసుకోవాలి.

అప్‌లోడ్ చేసేటప్పుడు చిన్న చిన్న సంగతులు. లీజు మొదటి పేజీ, చివరి పేజీ మాత్రమే పెడతారు చాలామంది, అన్ని పేజీలూ పెట్టండి. ఫోటో తీస్తే నాలుగు మూలలూ కనబడాలి. పేరు అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. మనవాళ్ళ విషయంలో ఇది పెద్ద సమస్య, పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, లీజులో వెనక, బ్యాంకులో పొట్టి అక్షరాలు. మూడు పేర్లూ ఒక్కరివే అని ఒక పేరాలో రాసి సంతకం పెట్టి ఫైలుతోపాటు పెట్టేస్తే కేస్‌వర్కర్ మళ్ళీ అడగాల్సిన పని ఉండదు.

బాకీ లెక్క ఒకసారి మీరే వేసుకోండి. ఉదాహరణకి అద్దె నెలకి 1,500 డాలర్లు, నాలుగు నెలలు బాకీ, మధ్యలో 500 కట్టారు. అంటే అద్దె బాకీ 5,500. ఓనర్ లెడ్జర్‌లో (ఏ నెల ఎంత రావాలి, ఎంత వచ్చింది అని రాసే అద్దె ఖాతా) 5,800 ఉంటే మిగతా 300 ఏమిటి? ఆలస్యపు రుసుమా, పార్కింగా, నీళ్ళ బిల్లా? కొన్ని పథకాలు రుసుములు కూడా కడతాయి, కొన్ని కట్టవు. మీరు రాసిన అంకె, ఓనర్ రాసిన అంకె వేరైతే ఫైలు ఆగి, ఇద్దరికీ ఈమెయిల్ వెళ్ళి, ఇద్దరూ చూసి, మళ్ళీ వరసలో చేరే దాకా ఎక్కడిదక్కడే. అప్లై చేసేముందు లెడ్జర్ కాపీ అడిగి తీసుకోవడం ఈ మొత్తం వ్యవహారంలో అతి తేలికైన పని, అతి తక్కువమంది చేసే పని కూడా.

5. ఓనర్ వైపు

ఓనర్లూ, ఇది మీకోసం. సిటీ ఈమెయిల్ స్పామ్‌లో పడి ఉండొచ్చు, ముందు అక్కడ వెతకండి.

చాలా పోర్టల్స్‌లో అద్దెకుండేవాళ్ళ దరఖాస్తు, ఓనర్ దరఖాస్తు రెండు సగాలు. ఒక సగం వస్తే సిస్టమ్ రెండోదాని కోసం ఎదురుచూస్తుంది. ఇద్దరూ ఒకే చిరునామా ఒకే విధంగా రాయాలి, అపార్ట్‌మెంట్ నంబరు ఒకరు రాసి ఒకరు వదిలేస్తే సిస్టమ్ ఆ రెండూ వేర్వేరు ఇళ్ళనుకుంటుంది. మీరే ముందు మొదలుపెట్టే అవకాశమిచ్చే పథకాలూ ఉన్నాయి. కోవిడ్ మొదటి విడత చట్టంలో ఓనర్ అద్దెకుండేవాళ్ళ తరఫున అప్లై చేయొచ్చన్నారు, కానీ వాళ్ళ సంతకం ఉండాలి, దరఖాస్తు కాపీ వాళ్ళకివ్వాలి, వచ్చిన డబ్బు వాళ్ళ అద్దె కిందే జమ చేయాలన్నారు.

మీ దగ్గర అడిగేవి: ఆ ఇల్లు మీదేనని రుజువు, డబ్ల్యూ-9 ఫారం (మీ పేరు, పన్ను నంబరు తెలిపేది), బ్యాంకు వివరాలు, నెలవారీ లెడ్జర్. ఇల్లు ఒక ఎల్ఎల్‌సీ (ఒక రకం కంపెనీ) పేరుతో ఉంటే డబ్ల్యూ-9 కూడా సరిగ్గా ఆ వివరాలతోనే ఉండాలి. మేనేజర్ నడుపుతుంటే అతనికి అధికారం ఉందని చూపించే ఒప్పందం కావాలి. చాలా సిటీల్లో డబ్బు పంపాలంటే మిమ్మల్ని వెండర్‌గా, అంటే సిటీ డబ్బు చెల్లించే పార్టీగా, నమోదు చేసుకోవాలి, అది విడిగా కొన్ని రోజులు తీసుకుంటుంది. అద్దెకుండేవాళ్ళ ఫైలు ఆమోదం అయ్యేదాకా ఆగకుండా ఆ నమోదు మొదటి రోజే మొదలుపెట్టేయండి.

ఇక సంతకం పెట్టించుకునే ఒప్పందం. అందులో ఏముంటుందో చదవండి. బాకీ మొత్తం తీరినట్టు ఒప్పుకోవడం, ఆలస్యపు రుసుములు వదులుకోవడం, కోర్టు కేసు వెనక్కి తీసుకోవడం, కొన్నాళ్ళపాటు అద్దె బాకీ కారణంగా ఖాళీ చేయించకపోవడం, ఇలాంటి షరతులు చాలా సిటీలు పెట్టాయి. కొందరు ఓనర్లు ఇక్కడ వద్దనుకుంటారు. నన్నడిగితే లెక్క వేసుకుని నిర్ణయించమంటాను: కోర్టు ఖర్చు, ఖాళీగా ఉండే నెలలు, రంగులు, రిపేర్లు, కొత్తవాళ్ళ కోసం వెతుకులాట, పాత బాకీ తీర్పు వచ్చినా వసూలు కాకపోవడం. ఇవన్నీ ఒకవైపు, 300 డాలర్ల ఆలస్యపు రుసుము ఇంకోవైపు. అయినా కొన్నిసార్లు వద్దనడానికి నిజమైన కారణమే ఉంటుంది, ఇల్లు అమ్మేస్తున్నారనో, పక్కవాళ్ళతో గొడవలనో. అప్పుడు మౌనంగా ఉండకుండా "మేం పాల్గొనడం లేదు" అని సిటీకి రాసిచ్చేయండి. కోవిడ్ పథకం మొదటి విడతలో ఓనర్‌ని నిర్ణీత పద్ధతిలో సంప్రదించి, జవాబు లేకపోతేనో కాదంటేనో అద్దెకుండేవాళ్ళకి నేరుగా ఇవ్వొచ్చన్నారు. ట్రెజరీ పెట్టిన లెక్క ప్రకారం ఉత్తరం పంపి 7 రోజులు, లేదా ఫోన్, మెసేజ్, ఈమెయిల్‌తో 5 రోజుల్లో మూడుసార్లు ప్రయత్నించడం. అంటే అప్పట్లో ఓనర్ మౌనం వల్ల పోయింది ఆ రోజులే. ఇంకో మాట, అద్దె ఏ దారిలో వచ్చిందన్న కారణంతో వివక్ష చూపకూడదన్న చట్టాలు కొన్ని రాష్ట్రాల్లో, సిటీల్లో ఉన్నాయి. సాయం తీసుకోవడానికి నిరాకరించడం అక్కడ చట్టవిరుద్ధం అయ్యే అవకాశం ఉంది, లాయర్‌ని అడిగి ముందుకెళ్ళండి.

పన్ను విషయం: మీకు వచ్చిన సాయం అద్దె ఆదాయమే, చూపించాలి, మీకు ఇంత డబ్బు ఇచ్చామని తెలిపే 1099 పన్ను ఫారం వస్తే ఆశ్చర్యపోకండి. అద్దెకుండేవాళ్ళకి కోవిడ్ అద్దె సాయం ఆదాయం కింద రాదని ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ స్పష్టంగా చెప్పింది.

6. కోర్టు గడియారం ఆగదు

ఇది మాత్రం రెండుసార్లు చదవండి. సిటీకి అప్లై చేసినంత మాత్రాన కోర్టు కేసు దానంతట అది ఆగదు. న్యూయార్క్ రాష్ట్ర కోవిడ్ పథకంలో దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నంతకాలం కేసు నిలిపివేసే నిబంధన ఉండేది. అలాంటిది మీ రాష్ట్రంలో ఉందని ఎవరో చెప్పారని నమ్మి వాయిదాకి వెళ్ళకుండా ఉండొద్దు. మీరు రాకపోతే జడ్జి ఓనర్ పక్షాన తీర్పు ఇచ్చేయగలడు, ఆ తర్వాత సిటీ డబ్బు వచ్చినా ప్రయోజనం ఉండకపోవచ్చు. దేశమంతటా ఖాళీ చేయించడాన్ని ఆపిన సీడీసీ (ఫెడరల్ ప్రజారోగ్య సంస్థ) ఉత్తర్వు 2020 సెప్టెంబర్‌లో మొదలైంది, 2021 ఆగస్టు 26న సుప్రీంకోర్టు దాన్ని ఆపేసింది. ఇప్పుడు అలాంటి జాతీయ రక్షణ ఏదీ లేదు.

వాయిదాకి వెళ్ళేటప్పుడు దరఖాస్తు నంబరు, సిటీ నుంచి వచ్చిన ఈమెయిళ్ళు, ఏ దశలో ఉందో చూపించే పేజీ ప్రింట్ తీసుకుని వెళ్ళండి. "సాయం పెండింగ్‌లో ఉంది, వాయిదా ఇవ్వండి" అని అడగండి. చాలామంది ఓనర్ల లాయర్లు కూడా డబ్బు వస్తుందంటే ఒప్పుకుంటారు, వాళ్ళకీ కావాల్సింది అదే. ఒప్పందం రాసుకుంటే అందులో తేదీలు నిజంగా మీరు తీర్చగలిగేవే పెట్టించండి. సిటీ చెక్కు ఎప్పుడొస్తుందో మీ చేతిలో లేదు, "15వ తేదీకల్లా మొత్తం కడతాను" అని సంతకం పెట్టి ఇరుక్కున్నవాళ్ళని చూశాను. లాయర్ ఉచితంగా దొరికే సిటీలున్నాయి. 2017లో న్యూయార్క్ సిటీ తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ఇలాంటి కేసుల్లో లాయర్‌ని పెట్టే హక్కు చట్టం చేసింది, దేశంలో అదే మొదటిది, తర్వాత మరికొన్ని సిటీలు అదే దారిలో నడిచాయి.

సిటీల వైపు నుంచి చూస్తే ఫిలడెల్ఫియా చేసిన పని నాకు అన్నింటికంటే తెలివైనదిగా అనిపిస్తుంది. 2020లో అక్కడ మొదలుపెట్టిన పద్ధతిలో ఓనర్ కోర్టుకి వెళ్ళకముందే మధ్యవర్తిత్వానికి రావాలి, అక్కడే అద్దె సాయం సంగతి కూడా తేల్చుకోవాలి. కేసు పడ్డాక ఫైలు పరుగెత్తించడం కంటే కేసు పడకముందే ఇద్దర్నీ ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టడం. కేసు రికార్డులోకి ఎక్కితే, తర్వాత గెలిచినా, కొత్త ఇల్లు వెతికేటప్పుడు ఆ రికార్డు అడ్డొస్తుంది, అందుకే ఈ ముందరి మెట్టుకి అంత విలువ.

7. పరిశీలన, డబుల్ చెల్లింపులు, మోసం

కాగితాలు పూర్తయ్యాక రెండో ఉద్యోగి ఒకరు చూస్తారు. ఇదే నెలకి ఇంకో పథకం నుంచి డబ్బు వచ్చిందా అన్నది ముఖ్యమైన ప్రశ్న. ప్రభుత్వం అద్దెలో కొంత భాగం కట్టే వోచర్‌తో అద్దెకుంటున్నా అప్లై చేసే వీలు కోవిడ్ పథకంలో ఉండేది, కానీ మీరు కట్టాల్సిన వాటాకే, ప్రభుత్వం అప్పటికే కడుతున్న భాగానికి కాదు. గుడి, చర్చి, స్నేహితులు సాయం చేసి ఉంటే దాచకండి, లెడ్జర్‌లో ఎలాగూ కనిపిస్తుంది.

మోసాల సంగతి కూడా చెప్పాలి. లేని ఇంటికి ఓనర్‌నని అప్లై చేసినవాళ్ళుంటారు, అందుకే కౌంటీ ఆస్తి రికార్డుల్లో మీ పేరు చూసి, ఒక్కోసారి ఫోన్ చేసి కూడా అడుగుతారు. దాన్ని అవమానంగా తీసుకోవద్దు. అటువైపు, "మీ దరఖాస్తు త్వరగా చేయిస్తాం, ఇంత ఫీజు" అనేవాళ్ళు ఎవరైనా సరే దూరం పెట్టండి. దరఖాస్తుకి సిటీ డబ్బు తీసుకోదు.

8. డబ్బు బయటికొచ్చే రోజు

ఆమోదం ఉత్తరం వచ్చిందంటే డబ్బు వచ్చినట్టు కాదు. ఫైనాన్స్ విభాగం బ్యాచ్‌లుగా పంపుతుంది, బ్యాంకు ఖాతాకి నేరుగా పంపితే త్వరగా చేరుతుంది, కాగితం చెక్కయితే పాత చిరునామాకి వెళ్ళి తిరిగి రావడం మామూలే. ఆమోదం ఉత్తరంలో ఏ నెలలకి, ఎంత, ఎవరికి అన్నది చూడండి. చేరాక ఓనర్ దగ్గర సవరించిన లెడ్జర్ తీసుకోండి, బాకీ సున్నా అని కనిపించాలి. కేసు ఉంటే కొట్టేసినట్టు కోర్టు కాగితం కూడా తీసుకోండి. డబ్బు జమ అయ్యాక కూడా పాత అంకెతో నోటీసులు వెళ్ళిన సందర్భాలున్నాయి, చాలాసార్లు దురుద్దేశం ఏమీ ఉండదు, సాఫ్ట్‌వేర్‌లో వేరే ఖానాలో పడి ఉంటుంది.

రాబోయే నెలలకి కూడా ఇచ్చారంటే ఎప్పటిదాకా అన్నది క్యాలెండర్‌లో పెట్టుకోండి. మళ్ళీ అప్లై చేయాల్సి వస్తే చివరి నెల మొదట్లోనే మొదలుపెట్టాలి, అప్పుడు ఆదాయం కాగితాలు మళ్ళీ అడుగుతారు.

9. కాదన్నారా?

ముందు కారణం రాతపూర్వకంగా తీసుకోండి. "కాగితాలు అసంపూర్ణం" అని కాదంటే అది నిజానికి తిరస్కరణ కాదు, మూసేసిన ఫైలు. ఇచ్చిన గడువులో పంపితే చాలాచోట్ల మళ్ళీ తెరుస్తారు. "ఆదాయం ఎక్కువ" అంటే వాళ్ళు వేసిన లెక్క అడగండి. ఓవర్‌టైమ్ చేసిన ఒక్క నెలని పన్నెండుతో గుణించి ఉండొచ్చు. "మీ ప్రాంతం మా పరిధి కాదు" అంటే ఎవరి పరిధి అని అక్కడే అడిగి, ఆ నంబరు తీసుకున్నాకే ఫోన్ పెట్టేయండి. అప్పీలు గడువు చాలా తక్కువ రోజులు ఉంటుంది, ఉత్తరం మీదున్న తేదీ నుంచి లెక్క, మీరు చదివిన రోజు నుంచి కాదు. అప్పీల్లో కథ రాయకండి. ఏ కారణంతో కాదన్నారో ఆ వాక్యం రాసి, దాని కింద అది తప్పని చూపించే కాగితం పేరు రాసి, జత చేయండి. ఒక పేజీ చాలు.

"నిధులు అయిపోయాయి" అంటే అప్పీలు పనికిరాదు. వెయిటింగ్ లిస్ట్ ఉందా, మళ్ళీ ఎప్పుడు తెరుస్తారు, ముందొచ్చినవాళ్ళకి ముందా లేక లాటరీనా అని అడగండి. ముందొచ్చినవాళ్ళకి ముందు అనే పద్ధతిలో తెరిచిన గంటల్లోనే నిండిపోతుంది. మంచి ఇంటర్నెట్, ఖాళీ సమయం ఉన్నవాళ్ళు గెలుస్తారు, రెండు షిఫ్టులు చేసేవాళ్ళు వెనకబడతారు. అందుకే కొన్ని సిటీలు కొన్ని రోజులు తెరిచి ఉంచి, వచ్చినవాటిలో కష్టం ఎక్కువున్నవాటిని ముందు తీస్తాయి. మీ సిటీ ఏ పద్ధతి అన్నది తెలిస్తే, తెరిచిన నిమిషానికే కూర్చోవాలా, లేక రెండు రోజులు తీసుకుని శుభ్రంగా నింపాలా అన్నది తేల్చుకోవచ్చు. ఏ పద్ధతైనా కాగితాలన్నీ ఒక ఫోల్డర్‌లో స్కాన్ చేసి ముందే పెట్టుకోండి, లెడ్జర్‌తో సహా.